ఊఁ కొట్టే చోటు

ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు, వానలకు ముందు, ఉస్మాన్ సాబ్ ఇంటి వసారాలో ఆడవాళ్లు విత్తనాల కోసం వేరుశనగ బుడ్డలు ఒలుస్తుంటే, ఆయన కూతురు వహీదాకు ఒళ్లంతా మండిపోతోంది. ఎండకు కాదు లెండి, ఆదోని ఎండ ఆమెకు పుట్టినప్పటి నుంచీ అలవాటే. మంటంతా హులిగెమ్మ మీద.

మండదా మరి? మూడేళ్లుగా ఆ వసారాలో కథ చెప్పేది వహీదా. ఏడు సముద్రాల అవతల గాజు కోటలో రాక్షసుడు దాచిన రాకుమారి, గుర్రమెక్కి వచ్చే రాకుమారుడు, ఇదంతా వాళ్ల అమ్మమ్మ, నానీ, దగ్గర నేర్చుకున్న కథ. బొటనవేళ్లు వాచిపోయే ఆ పనిలో ఆడవాళ్లు పొద్దు మరిచిపోయేది దానివల్లే. పక్కన కూర్చుని ఊఁ కొట్టేది తిప్పమ్మ. ఊఁ ఆగిందా, కథ కూడా ఆగిపోవాల్సిందే. అది ఆ వసారాలో కట్టుబాటు.

ఇప్పుడేమో ఎమ్మిగనూరు హాస్టల్లో ఉండి పదో తరగతి పరీక్షలు రాసిన హులిగెమ్మ సెలవులకు ఊరొచ్చి ఊడిపడింది. పదహారేళ్ల పిల్ల, చంకలో రెండు వందల పేజీల నోటుబుక్కు. అదే కోట, అదే రాకుమారి, కానీ తనలాంటి పిల్లలు చదువుకునే నవలగా తిరగరాస్తోందట! అందులో కథంతా రాక్షసుడి కూతురిది. మొదటి రోజే అందరూ నోళ్లు తెరుచుకుని విన్నారు. తిప్పమ్మ అయితే ఆ పిల్ల పక్కకు జరిగి మరీ ఊఁ కొట్టింది. అక్కడే వహీదా కడుపు భగ్గుమంది.

"నానీ కథను పాడు సేస్తాంది సూడు," అని తల్లి మరియంబీ చెవిలో గొణిగింది.

"పాడయితే నువ్వెందుకు సెవులు రిక్కించి ఇంటాండావే?" అంది తల్లి.

నాలుగో రోజు తిప్పమ్మ ఆదోని సంతకు పోయింది. ఊఁ కొట్టేవాళ్లు లేరు.

"నేను కొడతాలే," అంది వహీదా, ఎంతో తియ్యగా. మనసులో ఉన్నది వేరు. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు నోరు మూసుకుంటే చాలు. నడిమధ్యలో కూలబడుతుంది, రేపటి నుంచి చోటు మళ్లీ తనదే.

హులిగెమ్మ మొదలుపెట్టింది. "రాకుమారికి మూడు పూటలా అన్నం తీసుకపోయేది రాక్షసుని కూతురే కదక్కా."

"ఊఁ."

"కోటకు ఎవరొచ్చినా రాకుమారిని సూసేకే వస్తారు. తలుపు తీసిన పిల్లను నీ పేరేమని ఒక్కడూ అడగలేదు."

"ఊఁ," అంది వహీదా. చేతిలో బుడ్డను ఒలవడం మరిచిపోయింది.

"ఆ కుళ్లుతోనే కోట తాళంచెవి దొంగిలించింది. రాకుమారుడు వచ్చే దినం దాన్ని పట్టుకోని బాయి గట్టు మీద నిలబడింది. యిసిరేస్తే రాకుమారి ఇంక యాడికీ పోలేదు. సెయ్యి పైకెత్తింది..."

వహీదా పెదవులు బిగించింది.

బుడ్డలు చిట్లే చప్పుడు తప్ప ఏమీ లేదు. హులిగెమ్మ నోటుబుక్కు మూసి, మధ్యలో వేలు పెట్టుకుని కూర్చుంది.

"ఏమే, నోట్లో బుడ్డ ఇరుక్కుందా?" అని కసిరింది పక్కింటి ఉచ్చీరమ్మ. "ఊఁ కొట్టవే తల్లీ! ఆ పిల్ల యిసిరేసిందా లేదా?"

వహీదా గెలిచింది కదా, సంతోషం రావాలి. రాలేదు. పాడు పిల్ల, తన కడుపులో దూరి చూసినట్టే రాసింది! ఆ బావి గట్టు మీద నిలబడింది తనే. తాళంచెవి విసిరేయాలనీ ఉంది, విసరకుండా ఎవరైనా చెయ్యి పట్టుకుంటే బాగుండుననీ ఉంది. ఆ పిల్ల ఏం చేసిందో తెలియకపోతే ఈ పూట ముద్ద దిగదు.

"ఊఁ!" అని అరిచింది, వసారా అదిరేటట్టు. "ఊఁ అంటాండా కదా, సెప్పి సావు!"

హులిగెమ్మ నోటుబుక్కు తెరిచింది. కింద అంతా తెల్ల కాగితమే.

"రాసింది ఆడికే అక్కా," అంది సిగ్గుపడుతూ. "రేపు సెప్తా."

మరునాడు తిప్పమ్మ వచ్చేసరికి హులిగెమ్మ పక్కన వహీదా బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది.

"జరుగు వహీదా, ఊఁ కొట్టేది నేను కదా," అంది తిప్పమ్మ.

వహీదా కళ్లెర్రజేసి చూసింది.

"ఈడ సందు లేదు. ఆ మూలకు పోయి కూకో."