ఎందుకైనా మంచిదని నన్ను ఉంచకండి

నేను ఒక క్యాన్యులాను. ఆస్పత్రిలో మీ చేతి నరంలోకి దూరి, సెలైనుకీ ఇంజక్షన్లకీ దారి ఇచ్చే గులాబీ రంగు మూతి గొట్టాన్ని. మీరు నన్ను సూది అంటారు. తప్పు. నన్ను నరంలోకి దింపగానే సూదిని బయటికి లాగేస్తారు. లోపల మిగిలేది మెత్తటి గొట్టం, అంటే నేను. అయినా చేతిలో సూది ఉందని కొయ్యబొమ్మల్లా బిగుసుకుని పడుకునేవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది.

పాత సైకిళ్ళూ గోడ గడియారాలూ తమ కథ చెప్పుకుని, చివర్లో నన్ను పారేశారని ఏడుస్తాయి. నేను ఆ జాతిదాన్ని కాను. వేళకు పారేయడమే నాకు మర్యాద. పారేయకుండా దాచుకునేవాళ్ళతోనే నా పేచీ.

ఎక్కడో ఫ్యాక్టరీలో పుట్టి, పొట్లంలో ఊపిరి బిగబట్టుకుని, సముద్రం ఒడ్డున ఉన్న ఒక ఊరి ఆస్పత్రికి వచ్చాను. ఆడవాళ్ళ వార్డులో సువార్త సిస్టరు నా పొట్లం చింపింది. మంచం మీద నూకరత్నం, చేపలమ్ముకునే మనిషి, కిడ్నీకి ఇన్ఫెక్షన్ వచ్చి చలిజ్వరంతో వణుకుతోంది. అప్పటికే నరం దొరక్క రెండు చేతులూ పొడిచి ఉన్నారు. చివరికి ఎడమ ముంజేతిలో నాకు చోటు దొరికింది.

“గాజులు తీసెయ్యమ్మా” అంది సువార్త.

“తియ్యను. మా ఆయన ఏటకెల్లాడు. బోటు ఒడ్డుకొచ్చేదాకా సెయ్యి బోసిగా ఉంచను” అని నూకరత్నం ఆకుపచ్చ గాజులన్నీ మోచేతి వైపు తోసి, చప్పుడు కాకుండా తువ్వాలు చుట్టేసింది.

మందు ఎక్కింది, జ్వరం దిగింది. కానీ నేనెంత మెత్తనిదాన్నయినా నరానికి పరాయిదాన్నే. అది ఎన్నాళ్ళని ఓర్చుకుంటుంది? నా చుట్టూ గోడ వేడెక్కసాగింది. ఆ మంట నరం వెంబడి పాకి గాజుల కిందికి చేరింది. నూకరత్నానికి తెలుసు. తెలిసే నన్ను పసిబిడ్డలా చెంగు కింద దాచుకుంది. చెబితే నన్ను తీసి ఇంకోచోట పొడుస్తారని ఆమె భయం. నొప్పి ఉందా అని ఎవరడిగినా “నేదమ్మా” అనేది. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇంతలో డాక్టరు గారు వచ్చి, “ఇక మాత్రలు చాలు. సూది మాత్రం ఉండనివ్వండి, ఎందుకైనా మంచిది” అని వెళ్ళిపోయారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు నోరుంటే బాగుండుననిపిస్తుంది. ఎందుకైనా మంచిదని ఇంట్లో ఖాళీ డబ్బాలు దాచుకోండి, చిరిగిన గొడుగులు దాచుకోండి. మనిషి నరంలో పని లేని గొట్టాన్ని దాచడమేమిటి?

నోరు లేకపోయినా మొండితనం ఉంది. నేను మూసుకుపోకుండా సువార్త సిరంజితో ఉప్పునీళ్ళు ఎక్కించడానికి వచ్చినప్పుడు నేను సులువుగా దారి ఇవ్వలేదు. ఆమె కాస్త నొక్కింది. నూకరత్నం నోరు “నేదు” అంటూనే ఉంది, కాలివేళ్ళు మాత్రం ముడుచుకుపోయాయి. సువార్త ఆ కాలివేళ్ళను చూసింది.

తెల్లటి ఒంటి మీదైతే ఎర్రటి చార కనిపించేదేమో. ఎండకీ ఉప్పుగాలికీ నల్లబడ్డ ఆ చేతి మీద కంటికి ఏమీ అందదు. సువార్త సిరంజి పక్కన పెట్టి, వేళ్ళ వెనక వైపు నా పైభాగాన ఆనించింది. వేడి. ఇంకొంచెం పైకి తడిమితే నరం పురికొసలా గట్టిగా తగిలింది. ఆపైన గాజులు అడ్డం.

“దీన్ని తీసెయ్యాలి, గాజులూ తియ్యాలి. చెయ్యి వాస్తే ఇవే బిగుసుకుపోతాయి.”

“ఒగ్గీయమ్మా. ఆయనొచ్చేస్తాడు.”

“ఇలాగే ఉంచితే చీము పట్టి విషం రక్తంలో కలుస్తుంది. ఆయన వచ్చేసరికి నువ్వుండాలా, గాజులుండాలా?”

నూకరత్నం కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తువ్వాలు విప్పి చెయ్యి చాపి, “పగలగొట్టకు తల్లీ” అంది. సువార్త సబ్బు నురగ రాసి ఒక్కొక్క గాజునే జార్చింది. చివరిది బిగుసుకుంటే నూకరత్నమే పళ్ళు బిగించి లాగేసుకుంది. ఒక్కటీ చిట్లలేదు. తర్వాత సువార్త నన్ను పీకి, దూది అదిమి, డాక్టరు గారికి ఫోన్ చేసి తీసేశానని చెప్పింది. అడగలేదు, చెప్పింది! ఆ క్షణాన ఆమె మీద నాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు.

ఇప్పుడు వార్డు మూల, వాడేసిన గొట్టాలు పారేసే ఎర్ర సంచిలో ఉన్నాను. నాకోసం ఎవరూ జాలిపడక్కర్లేదు. నరం చీము పట్టకముందే బయటపడ్డాను, అదే నా గెలుపు.

ఇక్కడికి అన్నీ వినిపిస్తున్నాయి. పక్కమంచం ముసలమ్మ చేతిలో నాలాంటిదే ఇంకోటి ఉంది, దాని మీద చేతిరుమాలు కప్పుకుంది. నూకరత్నం బోసి చేతితో లేచి ఆమె దగ్గరికి వెళ్ళింది.

“ఏదీ, సెయ్యి సూపించు. నొప్పి నేదని మాత్రం అనకు. నానూ అలాగే అన్నాను.”