ఎదురొచ్చే పారమ్మ

తెల్లారేసరికి అరకు దారి పారమ్మ ఫోనులో మ్యాపులోంచి దిగి గుమ్మం ముందు పడుకుని ఉంది. నీలం రంగు దారి. ఒంటిమీద ఇంకా మంచు తడి ఆరలేదు. పారమ్మ కాలితో మెల్లగా తట్టి చూస్తుంది. దారి తోక ఊపుతుంది.

పెళ్ళయిన నాటి నుంచి ఆమె కాపురం శృంగవరపుకోటలోనే, ఘాటు రోడ్డు మొదట్లో. మొగుడు అప్పలసూరి టూరిస్టుల కారు తోలుతాడు. రోజూ ఆ ఘాటెక్కి దిగుతాడు. కారు కదిలే ముందు పారమ్మ నిండుబిందె చంకన పెట్టుకుని ఎదురు రావాలి. ముత్తైదువ ఎదురొస్తే ప్రయాణం మంచిది. ఆ ముత్తైదువ ప్రయాణం సంగతి ఇంతవరకు ఎవడికీ పట్టలేదు.

ఇప్పుడు బేరాలన్నీ ఫోన్లలోనే. కారు వెనక కారు. అన్నిటికీ ఎదురు రావడం కుదరదని అప్పలసూరి ఆమె నడకను వీడియో తీశాడు. స్టాండులో డ్రైవర్లందరికీ పంపాడు. స్టీరింగు పక్కన తగిలించిన ప్రతి ఫోనులోనూ పారమ్మ ఎదురొస్తుంది. ఇంట్లో పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నా ఆమె పాదాలు అరుగుతూనే ఉంటాయి.

ఈరోజు ఆమె పులిహోర మూట కట్టుకుంది. చేటంత మొహంతో దారి మీద కాలు పెడుతుంది.

"ఎక్కడికి?" అని అడుగుతుంది ఫోను.

దారి చప్పున చుట్టచుట్టుకుని ఫోనులోకి దూరిపోతుంది. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడిగితే ఏ దారైనా అంతే చేస్తుంది.

"అడిగేసిందా? కూకో. నీల్లు తాగి ఎల్లు," అంటాడు అప్పలసూరి కారు అద్దం తుడుస్తూ. "అసలెక్కడికే?"

"నువ్వూ అడిగేసినావా! ఇప్పుడు రొండు గ్లాసులు తాగాల."

కూర్చుని తాగుతుంది. దారి మళ్ళీ తల బయట పెడుతుంది.

"నువ్వెల్లిపోతే బళ్ళకెవులు ఎదురొస్తారే?"

"బళ్ళకి ఫోన్లోది ఒస్తాది. నాకెవులొస్తారో అది సెప్పు."

"నీకెందుకే ఎదురు? నువ్వే ఎదురువి."

పారమ్మ ఫోనులో తన వీడియో పెట్టి గడపకు ఆనిస్తుంది. లోపలి పారమ్మ నిండుబిందెతో వస్తుంది, వస్తుంది, ఫోను గాజు దాకా వచ్చి ఆగిపోతుంది. రొప్పుతూ బిందె దించుతుంది.

"ఎంతమందికి ఎదురొచ్చినానో," అంటుంది. "అరకేపు ఒక్కడుగు పడనేదు. నన్నూ తీసుకెల్లు."

"ఒచ్చీ. బిందె ఆడే ఒదిలేయ్."

లోపలి పారమ్మ కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని గాజు దాటుతుంది. ఇద్దరూ ఒకేసారి కొంగులు బిగిస్తారు, ఒకేసారి ఫక్కున నవ్వుతారు. పులిహోర ఇద్దరికీ సరిపోతుంది. పారమ్మ ఏనాడూ తన ఒక్కదాని కోసం వండుకోలేదు.

స్టాండులో కార్లన్నీ ఆగిపోతాయి. ఫోన్లలో ఉత్త వీధి, వీధి నడుమ ఒంటరి బిందె. టూరిస్టులు కిందికి దిగి ఆ బిందెతో సెల్ఫీలు తీసుకుంటున్నారు.

"పారీ! ఎల్లొస్తానని సెప్పవే!" అప్పలసూరి కేక వేస్తాడు. అలా చెప్పకుండా ఈ ఊళ్ళో ఎవరూ గడప దాటరు.

"ఎల్తన్నాను," అంటారు ఇద్దరు పారమ్మలు.

దారి పరుగందుకుంటుంది. కాఫీ పూల వాసన ముఖాలకు కొడుతోంది. చెప్పులు చేతుల్లో పట్టుకుని ఇద్దరూ దాని వెంట పరుగెడుతున్నారు. ఏ మలుపూ వాళ్ళను ఆపడం లేదు. పారమ్మ బొడ్లో దోపుకున్న ఫోను నోరు తెరవబోయి ఊరుకుంటుంది.

ఆఖరి మలుపు తిరిగేసరికి కొండ ఎదురొస్తోంది. చంకన నిండుబిందె. బిందెలో నీళ్ళు తొణకడం లేదు, నీళ్ళలో మబ్బులు ఈదుతున్నాయి. కొండ ఓ పక్కకు ఒదిగి ఇద్దరికీ తోవ ఇస్తుంది. ఎక్కడికని అడగదు. శృంగవరపుకోట వైపు దిగిపోతుంది.

దాని పాదాలు కూడా అరిగిపోయి ఉన్నాయి.