రెండో సంతకం

కోర్టు కాగితం ఒడిశా తీరంలోని రామయ్యపట్నం చేరేసరికి కాసమ్మ చేపలు అమ్ముకుని వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. కాగితం ఒడియాలో ఉంది. ఆమెకు ఒడియా మాట్లాడటం వచ్చు గానీ చదవడం రాదు. ప్లస్ టూ చదువుతున్న కూతురు అమ్ములు గుమ్మంలో కూర్చుని, ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పింది. మంగుళూరులో బోటు డ్రైవరుగా ఉన్న నాన్న కొండలు విడాకులు కోరుతున్నాడట. భార్య తనను విడిచిపెట్టి పోయిందట. ఎనిమిదేళ్ళ కిందట సంచి భుజాన వేసుకుని వెళ్ళినవాడు, నాలుగేళ్ళుగా ఊరి మొహం చూడనివాడు అలా రాయించాడు. తరువాతి వాక్యం దగ్గర అమ్ములు చదవడం ఆపేసింది.

"ఏటాగిపోనావు? సదువు," అంది కాసమ్మ.

అమ్ములు తలెత్తకుండా చదివింది. చేపలకు ఐసు ఇచ్చే లక్ష్ముడితో కాసమ్మ కాపురం చేస్తోందని, అందుకు కన్నకూతురే సాక్షి అని ఉంది.

కాసమ్మ కాగితం అందుకుని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. వంట చేసింది, కూతురికి పెట్టింది, తాను తిన్నది.

వారం తిరక్కుండా మాట ఊరంతా పాకింది. లక్ష్ముడి భార్య గురువమ్మ వీధిలో నిలబడి మొగుణ్ణి దులిపేసింది. లక్ష్ముడు తలొంచుకుని, ఇక ఐసు ఇవ్వలేనని కబురు పెట్టాడు. కాసమ్మ దూరం నుంచి ఆటోలో ఐసు తెప్పించుకోవాల్సి వచ్చింది. అది వచ్చేలోపు చేప మెత్తబడేది, బేరం పడిపోయేది.

ఎవరో చెప్పగా ఆమె బరంపురం వెళ్ళి, అక్కడి గోసాని నువాగాం పేటలో ఉండే స్పందన అనే తెలుగు వకీలును పట్టుకుంది. స్పందన కాగితమంతా చదివి, ఆ నింద ఎందుకు వేశాడో విడమరిచి చెప్పింది. భార్య మరొకడితో కాపురం చేస్తోందని రుజువైతే భరణం ఇవ్వక్కర్లేకుండా తప్పించుకోవచ్చు. అందుకే లక్ష్ముడి పేరు. కోపంతో అన్న మాట కాదు, డబ్బు మిగుల్చుకోవడానికి వకీలుతో కూర్చుని ఆలోచించి రాయించిన మాట.

అది విన్నాక కాసమ్మలో ఏదో గట్టిపడింది. తిట్టి ఉంటే క్షమించేదేమో.

విడాకులకు దారులు రెండని స్పందన చెప్పింది. ఒకటి, అతను వేసిన నిందలు అతనే రుజువు చెయ్యాలి. దానికి ఏళ్ళు పడుతుంది. రెండోది ఇద్దరూ ఇష్టపడి తీసుకునేది. ముందోసారి ఇద్దరూ సంతకాలు పెట్టి ఒప్పుకోవాలి. మామూలుగా ఆరునెలలు ఆగి, మళ్ళీ జడ్జి ముందు నిలబడి అదే మాట చెప్పాలి.

"ఆ మజ్జిలో ఒకలికి మనసు మారిపోతే?"

"ఇద్దరి ఇష్టం చివరిదాకా ఉండాలి కాసమ్మక్కా. ఒకరు కాదంటే జడ్జి ఇవ్వలేరు."

కాసమ్మ ఆ మాట ఇంకోసారి చెప్పించుకుంది. స్పందన అప్పుడు పట్టించుకోలేదు.

భరణం కోసం వేరే కేసు వేశారు. జీతం పన్నెండు వేలేనని కొండలు ప్రమాణ పత్రం ఇచ్చాడు. అతని బ్యాంకు కాగితాలు రప్పిస్తే అందులో ముప్ఫై వేలు పడుతున్నాయి. కోర్టు నెలకు ఏడు వేలు కట్టమంది. రెండు నెలలు ఎగ్గొట్టేసరికి వారెంటు బయలుదేరింది. అప్పుడు దిగొచ్చాడు.

అసలు తొందర వేరే ఉంది. మంగుళూరులో ఒకామె ఉంది. పాత పెళ్ళి తెగిన కాగితం చూపిస్తేనే పిల్లనిస్తామని ఆమె అన్నలు పట్టుబట్టారు. ఇష్టపడి విడిపోదాం, చివరి రోజున నాలుగు లక్షలు ఒకేసారి ఇస్తానని కొండలు కబురంపాడు.

కాసమ్మ ఒక్క షరతు పెట్టింది. రాసింది అబద్ధమని రామయ్యపట్నంలో, కులపెద్దల ముందు చెప్పాలి.

పొద్దున్నే బోట్లు ఒడ్డుకు చేరే వేళకు కొండలు ఇసకలో కులపెద్దల ముందు నిలబడ్డాడు. చేపలు ఎత్తుకునే ఆడవాళ్ళు తట్టలు దించి మరీ చూశారు. లక్ష్ముడు, గురువమ్మ ముందు వరసలో ఉన్నారు. కొండలు నేల చూస్తూ ఏదో గొణిగాడు.

"ఇనబళ్ళేదు. గట్టిగా సెప్పు," అంది కాసమ్మ.

అతను మళ్ళీ చెప్పాడు. ఆమె మళ్ళీ చెప్పించింది. మూడోసారి అతను ఒడ్డంతా వినబడేలా అరిచి చెప్పాడు. గురువమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. మర్నాటి నుంచి ఐసు ఇంటికే వచ్చింది.

కొండలు పాత కేసు వెనక్కి తీసుకున్నాడు. ఇద్దరూ మొదటి సంతకం పెట్టారు. ఆ ఆరునెలల్లో అతను ఫోన్ చేసినప్పుడల్లా కాసమ్మ మెత్తగా మాట్లాడింది. పెళ్ళికి తేదీ పెట్టేశామన్నాడు. మంచిదే అంది. నాలుగు లక్షలు వస్తే నర్సింగులో చేరతానని అమ్ములు అంటే దానికీ తల ఊపింది.

ఆరునెలలూ గడిచి రెండో సంతకం రోజు వచ్చింది. జడ్జి, ఇష్టపూర్వకంగానే విడిపోతున్నారా అని ఒడియాలో అడిగారు. కొండలు అవునన్నాడు.

"నాకిష్టం లేదు," అంది కాసమ్మ.

జడ్జి మళ్ళీ అడిగారు. ఆమె మళ్ళీ అదే చెప్పింది. దరఖాస్తు కొట్టేశారు.

వరండాలో కొండలు ఆమెకు అడ్డం వచ్చాడు. అతని చేతిలో నాలుగు లక్షల చెక్కు అలాగే ఉంది. "అందరి ముందర సెప్పినాను గదే. ఇంకా ఏటి కావాలి నీకు?"

"నువ్వు నా పేరు సెడగొట్టినావు, అది ఒడ్డున కడిగినావు. నా కూతుర్ని సాచ్చికం పెట్టినావు. దానికేటి సెప్పినావు?"

ఆమె పక్కకు తప్పుకుని మెట్లు దిగింది.

స్పందన వెనకాలే వచ్చింది. తన మాట కూడా పోయిందని, ఇది ముందే చెప్పి ఉంటే కేసు పట్టేదాన్నే కాదని అంది. అతను మళ్ళీ కొత్తగా కేసు వేసుకోవచ్చు, ఈ నాలుగు లక్షలు మాత్రం ఇక రావు. కాసమ్మ అన్నీ విని, తెలుసనే చెప్పింది. తెలిసే చేశానంది. స్పందన ఫైలు ఆమె చేతిలో పెట్టి, వేరే వకీలును చూసుకోమంది.

మంగుళూరు పెళ్ళి ఆగిపోయిందని నెలలోపే తెలిసింది. ఆ పూట కాసమ్మ కడుపునిండా తిన్నది. సంతోషాన్ని ఎవరి దగ్గరా దాచుకోలేదు. భరణం ఏడు వేలు నెలనెలా పడుతూనే ఉన్నాయి. కొండలు కట్టక తప్పదు, కట్టినంత కాలం ఆమె మొగుడే.

అమ్ములు నర్సింగులో చేరలేదు. బరంపురంలో బట్టల కొట్టులో పనికి కుదిరింది. వెళ్ళే రోజున బస్సు దగ్గర తల్లిని అడిగింది.

"నా కోసమే అలగ సేసినానని అన్నావట. నన్నొక మాట అడిగినావేటమ్మా?"

కాసమ్మ లేదనే అంది. అమ్ములు బస్సెక్కింది. బస్సు మలుపు తిరిగేదాకా చూసి, కాసమ్మ తట్ట నెత్తికెత్తుకుని సంత దారి పట్టింది. కూతురి కోసం ఆమె మనసు కుంగింది. కొండలు విషయంలో మాత్రం పిసరంత కూడా మెత్తబడలేదు.