పెద్దమ్మ బార ఎంత?

పన్నెండింటికి నాటకశాల మేనేజరు కార్ఖానాకి ఫోన్ చేస్తాడు. బట్ట ఉందా లేదా అని ఒకే ముక్క అడుగుతాడు. ఉందంటే వాళ్ళ పెద్ద వేదికకి ఎర్ర తెర కుట్టే పని వీళ్ళది. లేదంటే ఇంకొకళ్ళది. అప్పటికే పదకొండున్నర దాటింది.

తెరలు కుట్టే ఆ కార్ఖానాలో కంప్యూటరు ముందు కూర్చునే అమ్మాయిని అందరూ పిచ్చుక అంటారు. నోరు క్షణం మూతపడదు కనక ఆ పేరు. చేరి ఆరు వారాలే అయింది. మేనేజరు చెవిలో ఇల్లు కట్టుకుని పోరి ఈ పనిని గుమ్మం దాకా లాక్కొచ్చింది ఆమే. కిటికీ తెరలు తప్ప మరోటి కుట్టి ఎరగని కార్ఖానాకి వేదిక తెర! వారం నుంచీ పిచ్చుకకి నేల మీద కాలు నిలవడం లేదు.

కావలసింది నూటముప్పై మీటర్లు. ఎర్రదై ఉండాలి, మఖమలై ఉండాలి, మచ్చ ఉండకూడదు, ఒక్కో ముక్కా మూడు మీటర్లకి తగ్గకూడదు. సరుకు లెక్కలున్న షీటులో నాలుగు షరతులూ పెట్టి ఫార్ములా రాసింది. ఆ ఫార్ములాకి మొహమాటం లేదు. నాలుగింటికీ సరిపోయిన వరసల్నే కూడుతుంది, ఒక్కటి తప్పినా గడప తొక్కనివ్వదు. పిచ్చుక మీట నొక్కింది.

ముప్పై ఎనిమిది.

గోడౌన్‌కి పరిగెత్తి చూద్దామంటే తాళంచెవి యజమాని జేబులో ఉంది, ఆయన రెండింటికి గానీ రాడు.

"ముప్పై ఎనిమిదేమిటే నీ మొహం!" వెనకనించి పెద్దమ్మ గొంతు. పిచ్చుక తల్లికి సొంత అక్క, పాతికేళ్ళుగా ఈ కార్ఖానా సరుకు చూసిన మనిషి. "తెరకి సరిపడా ఉంది. నా చేత్తో కొలిచి నేనే పెట్టా."

"షీటులో లేదు పెద్దమ్మా."

"అయితే నీ షీటుకి కళ్ళు లేవు."

పెద్దమ్మకి షీటంటే ఒళ్ళుమంట. కిందటి నెలలో పిచ్చుక ఆవిడ సరుకు రాసే పుస్తకంలోని అంకెలన్నీ షీటులోకి ఎక్కించేసి, "ఇక నువ్వు హాయిగా కూర్చో పెద్దమ్మా, పుస్తకంతో పనిలేదు" అంది. మంచికే అంది. ఆ రోజునించీ పెద్దమ్మ మూతి మూడు వంకరలు తిరిగే ఉంది.

పిచ్చుక షరతులు ఒక్కొక్కటే తీసి చూసింది. మచ్చ షరతు తీస్తే నలభై నాలుగు. దాన్ని మళ్ళీ పెట్టి, పొడవు షరతు తీసింది. అంకె ఒక్కసారి తొంభై ఎనిమిదికి ఎగిరింది. అంటే ముప్పై ముక్కలు పొడవు దగ్గరే ఆగిపోయాయన్నమాట. అన్నిటి పక్కనా రెండు అనే ఉంది.

"అవన్నీ రెండేసి మీటర్ల ముక్కలు పెద్దమ్మా. పనికిరావు."

పెద్దమ్మ వంగి కంప్యూటరు తెర మీదకి చూసింది. భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని పిచ్చుక హడలిపోయింది. కానీ ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వుతోంది.

"రెండు మీటర్లా! రెండు బారలే పిచ్చి మొహమా! కొత్త సరుకు నువ్వు టేపుతో కొలిచావు, పాతదంతా నేను చేతులు చాచి కొలిచా."

"ఆ సంగతి పుస్తకంలో రాయలేదేం?"

"ఎందుకు రాయడం, అందరికీ తెలుసుగా. నువ్వు అడిగావా?"

అడగలేదు. పిచ్చుక చెవులు ఎర్రబడ్డాయి, అయినా నవ్వు ఆగలేదు. ముప్పై ముక్కలు, రెండేసి బారలు, మొత్తం అరవై బారలు. ఇప్పుడు ఒక్కటే తేలాలి. పెద్దమ్మ బార ఎంత?

"టేపు! టేపు!" అని అరిచింది. కటింగ్ మాస్టారు మెడలోని టేపు తీసుకుని పరిగెత్తుకొచ్చాడు. మిషన్లు ఆగాయి, కుట్టేవాళ్ళంతా చుట్టూ మూగారు. పెద్దమ్మ సిగ్గుపడుతూ చేతులు చాచింది. చంకల కింద టేపు తగలగానే కితకితలు పుట్టి మెలికలు తిరిగింది.

"కదలకండి అక్కయ్యగారూ!"

"నువ్వు ముట్టుకోకు నాయనా!"

మీటరూ యాభై రెండు. పిచ్చుక గబగబా అరవై బారలకి లెక్క కట్టింది. తొంభై ఒకటీ చిల్లర. దానికి టేపుతో కొలిచిన ముప్పై ఎనిమిది కలిపితే నూట ఇరవై తొమ్మిదీ చిల్లర. ముప్పావు మీటరు పైచిలుకు తక్కువ! గదంతా ఉసూరుమంది. గడియారం పన్నెండుకి మూడు నిమిషాల దూరంలో ఉంది.

"ఉండండర్రా," అంది పెద్దమ్మ. "బట్ట లేకుండా నాకు కొలవడం ఎలా వస్తుంది?"

ఎవరో నీలం గుడ్డ అందించారు. గుడ్డ అంచు వేళ్ళకి తగిలిందో లేదో, ముడుచుకున్న మనిషి కాస్తా మారిపోయింది. ఛాతీ విరిచింది, మెడ ఒక పక్కకి తిప్పింది, సర్రున గుడ్డ లాగి రెండు చేతులూ బారచాపింది. పాతికేళ్ళుగా కొలిచిన తీరు అది. మాస్టారు ఆ చివరనించి ఈ చివరకి టేపు పట్టాడు.

"మీటరూ అరవై!"

నమ్మకం చాలక గుడ్డ తీసి మళ్ళీ చాపించారు. మీటరూ అరవై. మూడోసారీ అంతే.

పిచ్చుక షీటులో కొత్త కాలమ్ పెట్టింది. పైన 'ఎవరి కొలత' అని రాసింది. పాత వరసలకి 'పెద్దమ్మ', కొత్తవాటికి 'టేపు'. పెద్దమ్మ వరసల్ని మీటరూ అరవైతో గుణించి, నాలుగు షరతులూ మళ్ళీ పెట్టి మీట నొక్కింది. ఈసారి ముప్పై ముక్కలూ గడప దాటాయి.

నూటముప్పై నాలుగు.

అరుపులకి కిటికీ అద్దాలు గలగల్లాడాయి. ఆ గోలలోనే ఫోన్ మోగింది.

"ఉందండీ! నూటముప్పై నాలుగు మీటర్లు!"

"ఖాయమేనా? కొలిచి చూశారా?"

"మా పెద్దమ్మ కొలిచిందండీ," అంది పిచ్చుక. మేనేజరు "సరే, పని మొదలుపెట్టండి" అన్నాడు.

ఫోన్ పెట్టేసి వెనక్కి తిరిగితే, పెద్దమ్మ ఇంకా గుడ్డ పట్టుకుని చేతులు చాచుకునే నిలబడి ఉంది.

"ఏమే, ఇక దించమంటావా?"

"దించకు," అంది పిచ్చుక, పరిగెత్తుకెళ్ళి ఆ చేతుల మధ్యకి దూరిపోతూ. "ఆ పుస్తకం రేపు నాకు మళ్ళీ మొదటినించీ చెప్పాలి నువ్వు."