పుస్తకం ముట్టని రోజు

ఏడాది మొత్తంలో భవతోష్ భట్టాచార్జి నిబ్బరంగా తలెత్తుకు నడిచే రోజు ఒక్కటే, వసంత పంచమినాటి సరస్వతీ పూజ. ఆ పూట బెంగాల్లోని ఆ చందన్‌నగర్‌లో పుస్తకాలన్నీ అమ్మవారి పాదాల దగ్గరికి చేరిపోతాయి. ఎవరూ చదవకూడదు, ఎవరూ రాయకూడదు. ఎమ్మే చదివినవాడూ వేలిముద్రవాడూ ఆ ఒక్క రోజుకీ సమానమే. భవతోష్ రెండో రకం. పెళ్ళిళ్ళలో ఊరంతటికీ వండిపెట్టే చెయ్యి తిరిగిన వంటవాడాయన. అరవయ్యో పడి దగ్గరపడుతున్నా ఈ గుట్టు మూడో కంటికి తెలియనివ్వలేదు. ఎవరైనా కాగితం చేతిలో పెడితే "అద్దాలు ఇంట్లో మరిచిపోయానండీ" అంటాడు. ఆయన జన్మలో అద్దాలు కొన్న పాపాన పోలేదు.

ఆ ఉదయం గరిటె భుజాన వేసుకుని, క్లబ్బులో ప్రసాదం కిచిడీ వండటానికి హుషారుగా పోతున్నాడు. సందు మలుపులో పసుపు చీరలు కట్టుకున్న ఇద్దరమ్మాయిలు దారికి అడ్డం నిలబడ్డారు. వాళ్ళ వెనక నాయనమ్మ విభావతి, నడుమున చెయ్యి పెట్టుకుని.

సరస్వతీ పూజనాడు ఆ ఊళ్ళో పురోహితుడు దొరకడం బ్రహ్మప్రళయం. ఏ సందువాళ్ళు ముందు చూస్తే వాళ్ళే సైకిలు మీంచి దింపేసుకుంటారు. విభావతి ఇంటికి రావలసినాయన్ని అప్పుడే పక్క సందువాళ్ళు ఎత్తుకుపోయారు.

"లోపలికి రండి, ఠాకూర్‌మశాయ్," అంది ఆవిడ, పురోహితుణ్ణి పిలిచినట్టే.

"నేను వంటవాణ్ణి మాశీమా. కిచిడీ ఆలస్యమైతే క్లబ్బు కుర్రాళ్ళు నన్నే పోపులో వేస్తారు."

"జంధ్యం ఉందా లేదా?"

"ఉందనుకోండి..."

"ఈ వీధి పిల్లలందరికీ అక్షరాలు దిద్దించింది మీ నాన్నగారు కాదూ? పులి కడుపున పిల్లి పుడుతుందా? పంచమి వెళ్ళిపోతే మా చిన్న మనవరాలు ఝిమ్లి మళ్ళీ ఏడాది ఆగాలి. ముందు కాళ్ళు కడుక్కోండి."

అక్షరాలనే మాట వినగానే భవతోష్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ రోజు రాయడానికి అనుమతి ఉన్నది ఒక్క పసిపిల్లల అక్షరాభ్యాసానికే. అదొచ్చి తన మెడకే చుట్టుకుంది. ఈలోగా అమ్మాయిలు గరిటె లాక్కుని లోపలికి నడిచేశారు.

పూజ మాత్రం దివ్యంగా జరిగింది. మోదుగుపూలు, పాలు నింపిన సిరాబుడ్డి, రెల్లు కలం, అమ్మవారి పక్కన మెడ వంచిన హంస. మంత్రాలన్నీ ఆయనకి నోటికి వచ్చు. చిన్నప్పుడు తండ్రి వెంట తిరుగుతూ చెవులతో పట్టినవే. ఆ తండ్రికి కొడుకు చేత దిద్దించే తీరికే దొరకలేదు. పంచమినాడు ఊరి పిల్లలందరి పనీ పూర్తిచేసి ఇల్లు చేరేసరికి తిథి దాటిపోయేది. "వచ్చే ఏడు చూద్దాంలేరా" అనేవాడు. అలా అంటూ అంటూ ఓ ఏడు ఆయనే పోయాడు. బడికి వెళ్ళవలసిన పిల్లాడు పెళ్ళి వంటల్లో ఉల్లిపాయలు తరగడానికి చేరాడు.

పూజ ముగిసింది. నాలుగేళ్ళ ఝిమ్లి వచ్చి, సొంత తాతే అన్నట్టు దర్జాగా ఆయన ఒళ్ళో కూర్చుంది. విభావతి పలకా బలపం అందించింది.

"కానివ్వండి. 'అ'తో మొదలుపెట్టండి."

"అద్దాలు మరిచిపోయానండీ..."

"దానికేం, నావి పెట్టుకోండి."

తన అద్దాలు తీసి ఆవిడే ఆయన ముక్కు మీద పెట్టింది. పలక నల్లగా, నున్నగా ఎదురుగా కనిపించింది. ఏదో ఒక వంకర గీత గీసేస్తే ఈ అద్దాలు లేని ముసలావిడకి ఏం తెలుస్తుంది? పిల్లకసలే తెలియదు. చెయ్యి ముందుకు పోయింది కూడా. కానీ పిల్ల చిట్టి వేళ్ళు ఆయన అరచేతిలో నమ్మకంగా ఒదిగి ఉన్నాయి. ఎదురుగా అమ్మవారు. ఇంత పసిదానికి దొంగ అక్షరం దిద్దించడానికి ఆయనకు మనసొప్పలేదు.

"మాశీమా, నాకు రాయడం రాదు," అన్నాడు తల దించుకుని. "నాకెవరూ దిద్దించలేదు."

శంఖం ఊదబోతున్న అమ్మాయి ఆగిపోయింది.

"ఊరందరి చేతా దిద్దించి మిమ్మల్ని వదిలేశాడా ఆ మహానుభావుడు?" అంది విభావతి.

"తీరిక దొరకలేదు."

తిడుతుందనుకున్నాడు. లేచి వెళ్ళిపోదామంటే ఒళ్ళో పిల్ల. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

విభావతి మోకాళ్ళని తిట్టుకుంటూ వచ్చి ఆయన పక్కన చతికిలబడింది. "పంచమి ఇంకా ఉందిగా, కంగారెందుకు? బలపం గట్టిగా పట్టుకోండి," అని ఆయన మణికట్టు పట్టుకుంది. ఆవిడ చేతిలో ఆయన చెయ్యి, ఆయన చేతిలో పిల్ల చెయ్యి. మూడు చేతులూ కలిసి తడబడుతూ పలక మీద 'అ' దిద్దాయి. అమ్మాయి శంఖం ఊదింది.

భవతోష్‌కి ఏడుపు ఆగలేదు. దాచుకోవాలని కూడా అనిపించలేదు.

ఝిమ్లికి ఇవేవీ పట్టలేదు. తడిగుడ్డ తీసుకుని పలక తుడవబోయింది. ఆయన గభాలున ఆపాడు.

"చెరపకు తల్లీ."

"చెరపకపోతే 'ఆ' ఎక్కడ రాస్తాం దాదూ?"

భవతోష్ కళ్ళు తుడుచుకుని, అక్షరం చెదరకుండా అంచులు పట్టుకుని పలకని వెనక్కి తిప్పాడు.

"ఇటువైపు నీది," అన్నాడు. "అటువైపు నాది."