చిజురు ముల్లంగి

రోజూ పదకొండున్నరకి హెడ్మాస్టరు పిల్లల భోజనం ముందుగా తిని చూస్తాడు. పన్నెండింటికి ఆయన బతికుంటే పిల్లలకి వడ్డిస్తారు. పదకొండేళ్లుగా బతికే ఉన్నాడు. కొందరు టీచర్లకి అదో వెలితి. వంట చూసేదీ, ఏది ఎందుకు తినాలో పిల్లలకి పాఠం చెప్పేదీ సకాయె టీచరు.

బడి వెనక పిల్లలకి తలా ఒక సాలు ముల్లంగి ఉంది. ఎవరికి తగిలిన దెబ్బ వాళ్ల ముల్లంగి మీద తేలుతుంది. ఆ ముల్లంగి తిన్నవాళ్లకి అదే దెబ్బ తగులుతుంది. అందుకే ఈ అకితా కొండల్లో అన్నీ కలిపి ఒకే గంగాళంలో, పులియబెట్టిన సోయా ముద్ద వేసి మిసో పులుసు పెడతారు. ఒకడు చెట్టు మీంచి పడితే ఎనభైమందికి కాస్త దురద, అంతే.

ఈ ఏడు మాత్రం బడంతా నడుములు పట్టుకుని నడిచింది. హెడ్మాస్టరు పరుపు కూడా మార్చాడు. తొమ్మిదేళ్ల చిజురు సాలులో ముల్లంగులు కమిలి, నడిమికి విరిగి, వంకరగా అతుక్కుని పెరిగాయి. కోస్తే కత్తికి నెత్తురు.

"ఎవరు కొట్టారమ్మా?" అంది సకాయె.

"పడ్డాను టీచర్."

"రోజూనా?"

"మా గడప ఎత్తు."

గడప పేరు ఇవావో. చిజురు తండ్రి, అడవిలో దుంగలు కోస్తాడు. ఊరందరికీ తెలుసు. మర్యాదగల ఊరు కదా, పిల్ల అరుపు వినబడితే టీవీ సౌండు పెంచేది. సకాయె పై ఆఫీసుకి రెండుసార్లు రాసింది. వచ్చినవాళ్లు ఇవావో ఇచ్చిన పళ్లు తిని వెళ్లారు. ఈ చలికాలం పిల్ల దాటదని సకాయెకి భయం పట్టుకుంది.

తల్లిదండ్రులు బడిలో భోంచేసే రోజు వచ్చింది. ఇవావో తాగే వచ్చాడు.

"ఆ లావుపాటి ముల్లంగి ఎవరిది?"

"మీ చిజురుదేనండీ."

"మరి ఊళ్లోవాళ్ల గిన్నెల్లోకి ఎందుకు? నాకే వండు."

"అన్నీ కలిపే వండుతామండీ."

"నా పిల్ల! నా ముల్లంగి!" బల్ల మీద గుద్దాడు. గిన్నెలు ఎగిరాయి. చిజురు చేతులు తలకి అడ్డం పెట్టుకుంది.

సకాయె ఆ చేతులు చూసింది. "అలాగేనండీ," అని చిజురు ముల్లంగి విడిగా వండి అతని ముందు పెట్టింది.

మొదటి ముక్కకి ఇవావో పెదవి చిట్లింది. రెండోదానికి కనుబొమ చీలింది. అతను తుడుచుకుని తిన్నాడు. ఎనభైమంది పిల్లల ముందు గిన్నెలో మిగల్చడం మగాడి పని కాదు. నాలుగో ముక్కకి పక్కటెముక ఎండు వెదురులా విరిగింది.

"ఉప్పు తగ్గిందా నాయనా?" అంది పక్కన కూర్చున్న ముసలమ్మ.

"బాగుంది," అన్నాడు. పన్ను ఒకటి బల్ల మీద పడింది.

ఎడమ చెయ్యి ఫట్‌మని విరిగి వేలాడింది. "అది నా పుట్టినరోజుది," అంది చిజురు మెల్లిగా.

గిన్నె ఖాళీ చేసి, ఇవావో బల్ల మీదే ఒరిగిపోయాడు.

ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తి పట్టుకున్నాడు. "పెద్ద ఎముకల మీద చిన్నపిల్లని కొట్టిన దెబ్బలు! ఎవరయ్యా కొట్టింది?" పోలీసు కలం తీశాడు. సకాయె తలుపు దగ్గర నిలబడింది.

ఇవావో ఊపిరి పీల్చబోయి, విరిగిన ఎముక పొడిస్తే ఆగాడు.

"నేనే," అన్నాడు. "నా కూతుర్ని."

సాయంత్రం చిజురు పిన్ని వచ్చి పిల్లని సముద్రం ఒడ్డున తన ఊరికి తీసుకెళ్లింది. బస్సు ఎక్కగానే చిజురు వీపుని సీటుకి పూర్తిగా ఆనించి, నిద్రపోయింది.