ఫొటోలో ఉన్నది నేను

మా పార్లర్‌లో జుట్టుకు రంగు వేయించుకుంటూ ఒకావిడ ఫోన్‌లో డాక్యుమెంటరీ చూస్తోంది. అది మా అక్కను చంపినవాడి గురించి.

"నోట్లో వేలు పెడితే కొరకలేనట్టున్నాడు. పాపం, జైల్లో చిక్కి సగమైపోయాడమ్మా!" అంది.

"మరి చచ్చిపోయినామె?" అన్నాను, బ్రష్ ఆపకుండా.

"ఏమో, ఒక్కసారే చూపించారు. ఇదిగో."

అక్కా నేనూ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో అది. అక్కను కత్తిరించేసి, నన్ను ఉంచారు.

కుర్చీని నావైపు తిప్పాను. "నా మొహం చూడండి. ఆ ఫొటోలో ఉన్నది నేను. చచ్చిపోయింది మా అక్క. వాడి మీద జాలిపడ్డారు గానీ, ఇంతసేపూ అద్దంలో ఎదురుగా ఉన్న నన్ను గుర్తుపట్టారా?"

ఆవిడ గబుక్కున లేవబోయింది.

"రంగు పట్టకముందే ఎక్కడికి? కూర్చోండి. మా అక్క ఎలా ఉండేదో చెప్తాను."